పిట్ట ముట్టేదాకా

గద్వాల, వనపర్తి జిల్లాల నడుమ కృష్ణ ఒడ్డున బీచుపల్లి. ఆంజనేయస్వామి గుడి దగ్గరి నదీఘట్టంలో ఏ పొద్దున చూసినా ఏదో ఒక ఇంటివాళ్లు కనిపిస్తారు. వంతెన మీద హైదరాబాద్-బెంగళూరు రహదారి లారీలు ఆగకుండా పోతుంటాయి. కింద రాతి మెట్ల మీద విస్తరాకులో అన్నం, పప్పు, పోయినాయనకు ఇష్టమని చేసిన గారెలు, పక్కన ఒక బీడీకట్ట. ఆకు పెట్టినవాళ్లు పదడుగులు వెనక్కి జరిగి నిలబడతారు. మాటలుండవు. చూపులన్నీ చెట్ల కొమ్మల మీదే. పిట్ట రావాలి, వచ్చి ముట్టాలి.

ఒక్కోసారి వెంటనే రాదు. అయిదు నిమిషాలు పది అవుతాయి. "ఏం మనసుల పెట్టుకున్నవే" అని పెద్దావిడ ఎవరో గొణుగుతుంది. అప్పుడు తమ్ముడు ముందుకొచ్చి ఆకు వైపు చూస్తూ, గాలికి వినపడేలా అంటాడు: "చిన్నబిడ్డ పెండ్లి నేను జేస్తనన్నా, రంది పెట్టుకోకు." ఇంకొకరు అప్పు సంగతి చూసుకుంటామంటారు. అంతలో ఎక్కడి నుంచో కాకి వాలి, ఒక మెతుకు అందుకుని ఎగిరిపోతుంది. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి అందరిలోనూ ఒక్కసారి బయటికొస్తుంది.

ఆ పది నిమిషాల్లో జరిగింది తక్కువేం కాదు. పోయిన మనిషి ఇక రాడన్న సంగతి అందరి కళ్ల ముందు తేలింది. అయినా అతనితో మాట తెగలేదు, పేరుపెట్టి పలకరించారు, మాటిచ్చారు. ఆ మాట విన్న సాక్షులు ఇరవై మంది ఉన్నారు కనుక, మిగిలిన భార్యాపిల్లలకు రేపటి ఆసరా కొంత ఖాయమైంది. ఆప్తుల మరణం తర్వాత మనిషి మనసు ఎలా కుదుటపడుతుందన్న దాని మీద ఎనభై ఏళ్లుగా జరుగుతున్న పరిశోధన కూడా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతోంది: మరణం నిజమని మనసు ఒప్పుకోవడం, బంధం రూపు మారి నిలవడం, చుట్టూ మనుషులు ఉండటం.

మొదటిదే చాలా కష్టం. భర్త పోయి రెండు నెలలైనా సాయంత్రం ఆరుకు బండి చప్పుడు వినపడగానే గుమ్మం వైపు చూసే భార్యను లోకం "ఇంకా మర్లు పోలేదు" అంటుంది. ఆమెకు మతి తప్పలేదు. ఆమె మెదడు తన పని తాను చేస్తోంది. దగ్గరి మనిషి ఎక్కడ ఉంటాడు, ఎప్పుడొస్తాడు, మనకెంత చేరువ అన్నవి మెదడు ఒక పటంలా గీసుకుని ఉంచుకుంటుంది. వేల సాయంత్రాలు సరిపోయిన ఆ పటాన్ని ఒక్క చావు కబురు చెరిపేయలేదు. నార్వేలో మోజర్ దంపతుల ప్రయోగశాల 2013లో ఎలుకల మెదడు మీద ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. ఎలుక తిరిగే పెట్టెలో రోజూ ఒకచోట ఒక వస్తువు పెట్టి, తర్వాత తీసేశారు. వస్తువు లేదు. కానీ ఎంటోరైనల్ కార్టెక్స్ అనే భాగంలో కొన్ని కణాలు, ఎలుక ఆ చోటికి వచ్చినప్పుడల్లా, అది ఉండాల్సిన జాగాను గుర్తుచేస్తూ స్పందించాయి. కొన్ని రోజుల దాకా స్పందిస్తూనే ఉన్నాయి. మెదడులోని దిక్సూచి గురించి చేసిన పనికి ఆ దంపతులు, జాన్ ఓకీఫ్‌తో కలిసి, 2014లో నోబెల్ అందుకున్నారు.

అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో దుఃఖాన్ని పరిశోధించే మేరీ ఫ్రాన్సిస్ ఓకానర్ ఈ ఎలుకల సంగతిని మనుషులకు అన్వయించి చెబుతారు. ఆమె దృష్టిలో దుఃఖం ఒక రకం నేర్చుకోవడం. పాత పటం మీద కొత్త దారులు పడాలంటే గుమ్మం వైపు చూడటం, ఎవరూ రాకపోవడం, మళ్లీ చూడటం, మళ్లీ రాకపోవడం ఎన్నోసార్లు జరగాలి. ప్రతిసారీ గుండె కలుక్కుమంటుంది. ఆ నొప్పి పాఠం జరుగుతోందనడానికి గుర్తు. తల్లినో అక్కచెల్లెళ్లనో రొమ్ము క్యాన్సర్‌తో పోగొట్టుకున్న 23 మంది ఆడవాళ్ల మెదళ్లను ఆమె బృందం స్కాన్ చేసి 2008లో ఫలితాలు ప్రచురించింది. పోయినవాళ్ల ఫొటో చూపగానే నొప్పికి సంబంధించిన భాగాలు అందరిలోనూ స్పందించాయి. కానీ దుఃఖం నుంచి తేరుకోలేక ఉండిపోయినవారిలో అదనంగా న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే భాగం కూడా చురుకైంది. ఆశపడటం, కోరుకోవడం, ఎదురుచూడటం ఆ భాగం పనులు. వాళ్ల మెదడు ఇంకా ఎదురుచూస్తోందన్నమాట.

దుఃఖం మీద వైద్యుల చూపు మొదట గట్టిగా నిలిచింది ఒక అగ్నిప్రమాదం తర్వాత. 1942 నవంబరు 28 రాత్రి బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్ క్లబ్బు అంటుకుని 492 మంది చనిపోయారు. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఎరిక్ లిండెమన్ ఆ మృతుల బంధువులతో పాటు ఇతరత్రా ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లను, మొత్తం 101 మందిని, కూర్చోబెట్టి విన్నాడు. 1944లో ఆయన రాసిన వ్యాసం చదివితే మన ఊళ్లో ఎవరి ఇంటి సంగతో చదువుతున్నట్టే ఉంటుంది. దుఃఖం అలల్లా వస్తుంది, ఒక్కో అల ఇరవై నిమిషాల నుంచి గంట దాకా. గొంతు బిగుసుకుపోతుంది, ఊపిరాడదు, నిట్టూర్పులు ఆగవు, కడుపు ఖాళీగా తోస్తుంది, ఒంట్లో సత్తువ ఉండదు, అన్నం నోట్లో ఇసుకలా ఉంటుంది. దుఃఖం శరీరానికి వచ్చేదని అంత వివరంగా రాసినవారు ఆయనకు ముందు అరుదు. ఒక్క విషయంలో మాత్రం లిండెమన్ తొందరపడ్డాడు. వైద్యుడితో ఎనిమిది పది సార్లు మాట్లాడితే నాలుగు నుంచి ఆరు వారాల్లో మనిషి సర్దుకుంటాడనుకున్నాడు. అంత త్వరగా అందరికీ తెమలదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

పాలమూరుకూ, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకూ, అలాంటి రాత్రి ఒకటుంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, దీపావళి నాలుగు రోజులుందనగా, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు కొత్తకోట మండలం పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని అంటుకుంది. ఇప్పుడు ఆ ఊరు వనపర్తి జిల్లాలో ఉంది. 45 మంది సజీవంగా కాలిపోయారు. ఎవరు ఎవరో పోల్చుకోలేని స్థితి. రక్తనమూనాలు ఇచ్చి, డీఎన్ఏ ఫలితాల కోసం ఎదురుచూసి, ఆ తర్వాతే చాలామంది తమవాళ్లను తీసుకెళ్లగలిగారు. ముఖం చూడకుండా, చెయ్యి తాకకుండా ఒక కాగితం మీది మాటను నమ్మి చితి పేర్చాల్సి రావడం మామూలు సంగతి కాదు. చూసిన ముఖం మనసుకిచ్చే సాక్ష్యాన్ని ఏ కాగితమూ ఇవ్వదు. ప్రమాదం, హత్య, ఆత్మహత్య, విపత్తు లాంటి అకాల మరణాల తర్వాత దుఃఖం మొండికెత్తి ఉండిపోయే అవకాశం ఎంతో ఎక్కువ. మామూలు మరణాల తర్వాత పదిమందిలో ఒకరికి ఈ పరిస్థితి వస్తే, ఇలాంటి మరణాల తర్వాత దాదాపు సగం మందిలో కనిపిస్తుందని 2020లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ లెక్కగట్టింది.

గుండె పగిలిందన్న మాట ఉత్త మాట కాదు. బ్రిటన్‌లో కోలిన్ ముర్రే పార్క్స్ బృందం 55 ఏళ్లు దాటి భార్యలను పోగొట్టుకున్న 4,486 మంది మగవాళ్లను గమనించి 1969లో చెప్పింది: మొదటి ఆరు నెలల్లో వాళ్ల మరణాలు ఆ వయసు మగవాళ్లలో మామూలుగా ఉండేదానికంటే 40 శాతం ఎక్కువ. 2012లో అమెరికాలో అచ్చయిన మరో అధ్యయనం ప్రకారం, ఆప్తులు పోయిన తొలి 24 గంటల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే 21 రెట్లు పెరుగుతుంది. ఆ తర్వాత రోజురోజుకూ తగ్గుతూ వస్తుంది. జపాన్ వైద్యులు 1990లో గుర్తించిన టాకొట్సుబో అనే గుండె జబ్బు మరొకటి. తీవ్రమైన దిగులులో గుండె ఎడమ గది కింది భాగం ఉబ్బి, ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలోకి మారుతుంది. చాలావరకు కొన్ని వారాల్లో మళ్లీ సర్దుకుంటుంది. చావింట్లో అందరూ శవం చుట్టూ ఉన్నప్పుడు, మూల కూర్చున్న ముసలాయన బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో అడిగే మనిషి ఒకరుండాలి. ఆ పని మనవడో మనవరాలో చేయొచ్చు.

ఇక అయిదు మెట్ల సంగతి. నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోవడం అంటూ ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ పేరుతో ప్రచారంలో ఉన్న వరుస సినిమాల్లోకి, వాట్సాప్‌లోకి కూడా వచ్చేసింది. ఆమె 1969లో ఆ మాటలు రాసింది చావుకు దగ్గరపడిన రోగుల గురించి. ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లు ఆ వరుసలోనే నడుస్తారనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఈ సంగతి తెలియక "నాకు కోపం రాలేదే, నేను సరిగ్గా ఏడవలేదేమో" అని తమను తాము తప్పుపట్టుకునేవాళ్లున్నారు. వాళ్ల కోసమైనా ఈ మాట గట్టిగా చెప్పాలి. ఏడవనివాళ్లకు ప్రేమ లేదనుకోవడమూ పొరపాటే. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్న 205 మంది వృద్ధులను, మరణానికి ముందు నుంచే గమనించి, జార్జ్ బొనానో బృందం 2002లో చూపింది: దాదాపు సగం మంది పెద్దగా కుంగిపోకుండానే నెట్టుకొచ్చారు. దీర్ఘకాలం దుఃఖంలో చిక్కుకున్నది ఆరుగురిలో ఒకరు.

మెట్లు కాకపోతే మరేమిటి? నెదర్లాండ్స్ పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షూట్ 1999లో చెప్పిన లెక్క మన బతుకులకు దగ్గరగా ఉంది. దుఃఖంలో ఉన్న మనిషి రెండు ఒడ్లకూ తిరుగుతుంటాడంటారు వాళ్లు. ఒక ఒడ్డున పోయినవాళ్ల తలపు, ఏడుపు, ఫొటోలు, చొక్కా వాసన. ఇంకో ఒడ్డున బియ్యం, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, రేపటి పని. ఒకే ఒడ్డున ఉండిపోతేనే ప్రమాదం.

గద్వాలలో ఒక చేనేత ఇంటిని తలచుకుంటే ఇది కళ్లకు కడుతుంది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ కలిపే నేత నేర్పుతో కూడిన పని, మగ్గం మీద తరచూ ఇద్దరు కావాలి. నేసేవాడు భర్త అయితే కండెలు చుట్టేది, పోగులు సరిచూసేది భార్య. ఆయన పోయిన మర్నాడు మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంటుంది. గుంటలో ఆయన కాళ్లు పెట్టే చోటు ఖాళీ. ఆమెకు ఆ గదిలోకి వెళ్లడమంటేనే గుండె జారుతుంది. కానీ ఆ చీర దిగాలి, షావుకారుకు లెక్క చెప్పాలి. అంతదాకా బేరం మాట్లాడింది ఆయన, ఇప్పుడు ఆమె మాట్లాడాలి. నూలు రేటు అడుగుతున్నంతసేపూ దుఃఖం పక్కకు జరుగుతుంది. ఇంటికొచ్చి మగ్గం చూడగానే మళ్లీ ముంచుకొస్తుంది. చూసేవాళ్లకు "నిన్న ఏడ్చింది, ఇయ్యాల లెక్కలడుగుతున్నది" అని వింతగా ఉండొచ్చు. స్ట్రోబ, షూట్‌ల లెక్కలో ఆమె సరిగ్గా చేయాల్సిందే చేస్తోంది. పని దుఃఖానికి విరామం ఇస్తుంది, దుఃఖం పనికి అర్థం ఇస్తుంది. ఆ అటూ ఇటూ తిరగడంలోనే కొత్త పటం గీసుకుంటుంది.

దుఃఖాన్ని తలచుకోనివ్వకుండా చేయడమే ఓదార్పు అనుకునేవాళ్లు మనలో చాలామంది. "మర్చిపో", "ధైర్యంగుండు", "పిల్లల ముఖం చూసి ఊకో". ఈ మాటలనేవాళ్లది మంచి మనసే. కానీ పాలమూరు పల్లెల్లో ఆడవాళ్లు శోకం పెట్టి ఏడ్చే తీరు ఇందుకు పూర్తిగా ఎదురు. దూరపు చుట్టం వాకిట్లోకి రాగానే ఆమె మెడ పట్టుకుని మొదటి నుంచి ఎత్తుకుంటారు. పొద్దున ఏం తిన్నాడు, చేనుకు ఎప్పుడు పోయాడు, ఎవరు వచ్చి చెప్పారు, దవాఖానాకు ఎట్లా తీసుకుపోయారు, చివరి మాట ఏమిటి. అంతా రాగంలో. ఇంకో చుట్టం వస్తుంది, మళ్లీ మొదటి నుంచి. పట్నం పిల్లలకు ఇది నాటకంగా కనిపించి ఇబ్బంది పడతారు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన క్యాథరీన్ షియర్ రూపొందించిన చికిత్సలో ముఖ్యమైన భాగం ఏమిటో తెలిస్తే ఆ ఇబ్బంది తగ్గుతుంది. మొండికెత్తిన దుఃఖానికి 16 విడతల్లో సాగే ఆ చికిత్సలో రోగి కళ్లు మూసుకుని మరణవార్త తెలిసిన ఘడియను మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి. దాన్ని రికార్డు చేసి ఇంట్లో వినాలి, మళ్లీ వచ్చి మళ్లీ చెప్పాలి. చెప్పగా చెప్పగా ఆ ఘడియ మీద మనసుకు పట్టు చిక్కుతుంది. 2005 నుంచి జరిగిన పరీక్షల్లో ఇది మామూలు కుంగుబాటు చికిత్సలకంటే మెరుగని తేలింది. శోకమూ ఆ చికిత్సా ఒకటేనని చెప్పడం తొందరపాటవుతుంది. చెప్పుకుని ఏడ్చే దారిని మూసేయకూడదని మాత్రం రెండూ ఒకేలా చెబుతున్నాయి.

ఎంతకాలం ఏడిస్తే మామూలు, ఎప్పుడు జబ్బు? ఈ ప్రశ్న మీద మానసిక వైద్యులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలోనూ, 2022 మార్చిలో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ సవరించిన పుస్తకంలోనూ దీర్ఘకాలిక దుఃఖానికి ఇప్పుడు విడిగా చోటుంది. మొదటిది ఆరు నెలలని, రెండోది పెద్దవాళ్లకు ఏడాది అని గడువు పెట్టాయి. ఆ గడువు దాటినా రోజంతా అదే తలపు, అతనితో పాటు నాలో సగం పోయిందన్న భావన, మరణాన్ని ఒప్పుకోలేకపోవడం, ఏ పనీ సాగకపోవడం ఉంటే సాయం అవసరం. పుట్టిన రోజునో, పండుగనాడో పదేళ్ల తర్వాత కన్నీళ్లు రావడం జబ్బు కాదు. మన పెద్దలు మాసికాలు పెట్టి, సంవత్సరీకంతో మొదటి చుట్టు ముగించారు. ముస్లిం ఇళ్లల్లో మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చాలీస్వా, భార్యకు నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ఉంటాయి. దుఃఖానికి సమయం పడుతుందన్న ఎరుక వీటన్నింటిలో ఉంది. గడువు దాటగానే అయిపోవాలన్న ఒత్తిడి కూడా వీటిలోనే ఉంది, అది జాగ్రత్తగా చూడాల్సిన సంగతి.

శవమే దొరక్కపోతే?

2025 ఫిబ్రవరి 22 ఉదయం నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం దోమలపెంట దగ్గర, శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలింది. నల్లమల కింద దాదాపు 44 కిలోమీటర్ల పొడవున కృష్ణ నీళ్లను నల్లగొండ వైపు తీసుకెళ్లాల్సిన సొరంగం అది. ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చిన ఇంజనీర్లు, కూలీలు. సైన్యం, నౌకాదళం, విపత్తు దళాలు, సింగరేణి రక్షణ సిబ్బంది, ఉత్తరాఖండ్‌లో పేరు తెచ్చుకున్న ర్యాట్ హోల్ మైనర్లు, కేరళ పోలీసు జాగిలాలు, రోబోలు, అందరూ వచ్చారు. బురద, ఊట నీరు, విరిగిన యంత్రం ఇనుము దారి ఇవ్వలేదు. మార్చి 9న ఒకరి మృతదేహం, మార్చి 25న మరొకరిది దొరికాయి. ఏప్రిల్ నెలాఖరుకు గాలింపు ఆపేశారు. ఆరుగురు లోపలే ఉండిపోయారు.

ఒకప్పుడు దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర మట్టి తవ్వింది పాలమూరు కూలీలు. ఎక్కడో పోయినవాళ్ల కబురు కోసం ఇక్కడి పల్లెలు ఎదురుచూసేవి. ఇప్పుడు పాలమూరు కొండ కింద పనికొచ్చిన బిడ్డల కోసం జార్ఖండ్ గుమ్లా జిల్లా పల్లెలు ఎదురుచూశాయి. ఆ తల్లుల బాధ ఈ నేలకు కొత్తది కాదు.

ఈ రకం దుఃఖానికి అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ 1970లలో ఒక పేరు పెట్టారు. తెలుగులో తేలని నష్టం అనుకోవచ్చు. వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన విమాన పైలట్ల కుటుంబాలతో ఆమె పని మొదలైంది. 2001 తర్వాత న్యూయార్క్ జంట భవనాల్లో పనిచేస్తూ కనిపించకుండా పోయినవాళ్ల ఇళ్లకూ వెళ్లారు. అన్నిటికంటే ఇదే మనిషిని ఎక్కువ నలిపే నష్టమంటారామె. లేడని ఒప్పుకుంటే ద్రోహం చేసినట్టు, ఉన్నాడనుకుంటే బతుకు ముందుకు కదలదు. ఈ స్తంభన ఆ మనిషి బలహీనత వల్ల వచ్చింది కాదు, పరిస్థితి అలాంటిదని ముందుగా కుటుంబానికి చెప్పాలంటారు. దుఃఖానికి ఒక ముగింపు ఉండి తీరాలన్న ఆలోచననే ఆమె ఒప్పుకోరు. "పోయి ఉండొచ్చు, పోకపోయి ఉండొచ్చు" అనే రెండు మాటలనూ ఒకేసారి మనసులో ఉంచుకుని బతకడం నేర్పుతారు.

చట్టం కూడా ఇలాంటివాళ్లను ఊగిసలాటలోనే ఉంచుతుంది. ఏడేళ్లు జాడ తెలియకపోతేనే మరణించినట్టు భావించవచ్చంటుంది సాక్ష్యాధారాల చట్టం. మన ధర్మశాస్త్ర గ్రంథాలు మాత్రం ఒక దారి చూపాయి. దేహం దొరకనప్పుడు దర్భలతోనో, మోదుగ కాడలతోనో మనిషి బొమ్మ చేసి దానికి దహనం చేసే విధి వాటిలో ఉంది. కాలేది గడ్డేనని చేసేవాళ్లకూ తెలుసు. అయినా నిప్పు పెట్టడానికి ఒక రూపం కావాలి, బూడిద కలపడానికి ఒక నది కావాలి.

మనిషి కాకుండా ఊరు పోయినా దుఃఖం దుఃఖమే. శ్రీశైలం జలాశయం కింద 1981లో మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయం లాంటివాటిని రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చి మళ్లీ కట్టారు. ఇళ్లకు ఆ అదృష్టం లేదు. కొల్లాపూర్ వైపు ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత గోడల మొదళ్లు, బావి ఒరలు బయటపడతాయి. ఇది మా ఇల్లు, ఇది మా కట్ట అని పిల్లలకు చూపించడానికి వచ్చే పెద్దవాళ్లున్నారు. బోస్టన్‌లో వెస్ట్ ఎండ్ అనే పేటను కూల్చి జనాన్ని తరలించినప్పుడు మార్క్ ఫ్రైడ్ చేసిన అధ్యయనం 1963లో వచ్చింది. రెండేళ్లయినా తేరుకోనివాళ్లు ఎందరో ఉన్నారని, వాళ్లది ఆప్తుల చావుకు ఏడ్చే దుఃఖమేనని ఆయన రాశాడు. పరిహారం లెక్కల్లో ఈ బాధకు గడి లేదు.

గడి లేని దుఃఖాలు ఇంకా ఉన్నాయి. కెనెత్ డోకా అనే అమెరికా ఆచార్యుడు 1989లో, సమాజం గుర్తించని దుఃఖం రెట్టింపు భారమని చెప్పాడు. కౌలుకు పత్తి వేసి అప్పుల్లో ప్రాణం తీసుకున్న రైతు భార్యకు ఈ మాట వివరించనక్కర్లేదు. 2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన రైతుబీమా ఏ కారణంతో రైతు చనిపోయినా అయిదు లక్షలు ఇస్తుంది. నిజంగా మంచి పథకం, కానీ పట్టా ఉన్నవాళ్లకే. కౌలుదారు ఇంట్లో ముందు ఆయన రైతేనని రుజువు చేయాలి. భర్త కోసం ఏడవాల్సిన రోజుల్లో ఆమె కాగితాల కోసం ఆఫీసుల మెట్లెక్కుతుంది. ఊరు "ఎందుకట్ల జేసుకున్నడు" అని అడిగే ప్రశ్న పైన.

ఆచారాలన్నీ మందులు కావు. దినాల నాడు వచ్చినవాళ్లందరికీ మాంసం, మందు పెట్టడానికి అప్పుచేసిన ఇళ్లు ఎన్నో. పదకొండో రోజు నలుగురిలో కూర్చోబెట్టి గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచి, ఆ మర్నాటి నుంచి శుభకార్యాలకు ఎదురు రావద్దనడం క్రూరత్వం. చుట్టూ మనుషులుండటమే మందు అయినప్పుడు, మనుషుల్లోంచి ఆమెనే వెలివేసే తంతు ఆ మందును లాగేసుకోవడమే. ఉంచుకోవాల్సినవీ ఉన్నాయి. కర్మకాండలు ముగిశాక దగ్గరి చుట్టాలు ఇంటివాళ్లను తమ ఊరికి తీసుకెళ్లి ఒక రాత్రి పడుకోబెట్టి పంపుతారు, నిద్ర చేయించడమంటారు. నిద్ర పట్టని మనిషిని ఆ మంచం, ఆ గోడల నుంచి ఒక్క రాత్రి తప్పించి కొత్త చోట పడుకోబెట్టడంలో ఎంత దయ ఉందో. హార్వర్డ్‌లో మైకేల్ నార్టన్, ఫ్రాన్సెస్కా జీనో 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆప్తులు పోయాక తాము చేశామని జనం చెప్పిన ఆచారాలు చాలావరకు గుళ్లకూ చర్చిలకూ సంబంధించినవి కావు. భర్త కడిగినట్టే వారం వారం కారు కడగడం లాంటి చిన్న సొంత పనులు. చేయి దాటిపోయిన బతుకు మీద కాస్త పట్టు చిక్కిందన్న భావన వాటితో కలుగుతుందని తేలింది.

నిద్రమాత్రలతో మాత్రం జాగ్రత్త. ఆప్తులు పోయినవాళ్లకు, వేరే మానసిక రుగ్మత లేకపోతే, బెంజోడయాజిపైన్ మాత్రలు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. చావింట్లో ఊరి ఆర్ఎంపీ ఇచ్చే మాత్రలు నెలల తరబడి సాగితే అలవాటుగా మారతాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. హైదరాబాద్ దాకా పోలేని మనిషికి మానసిక వైద్యం దగ్గరయ్యేందుకు అదొక దారి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరుతో ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, రూపాయి ఖర్చు లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఆరు నెలలు, ఏడాది అనే గడువుల కోసం ఆగనక్కర్లేదు, ఆ రోజే చేయాలి. పన్నెండో రోజుకు చుట్టాలంతా వెళ్లిపోయాక ఇల్లు బావురుమంటుంది. అసలు పలకరింపు అవసరమయ్యేది అప్పుడే. నలభయ్యో రోజున, నాలుగో నెలలో టీ తాగే వేళకు వచ్చి కూర్చుని, పోయినాయన పేరు పలికి, ఆయన ముచ్చట ఒకటి చెప్పేవాళ్లు ఆ ఇంటికి ఎంతో మేలు చేసినవాళ్లు.

తెలంగాణలో ఒక రోజుంది, పెత్రమాస. భాద్రపద అమావాస్య. పొద్దున్నే స్నానాలు చేసి, పోయినవాళ్ల పేర్లు తలుచుకుని బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు, వాళ్లకిష్టమైనవి వండుతారు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. చావైన ఇంట్లో ఏడాది దాకా పండుగ ఉండదు కనుక, పోయినేడు ఆ ఇంటి ముందు పూలు రాలేదు. ఈ ఏడు పొద్దున తండ్రి పేరున బియ్యం ఇచ్చి, కళ్లు తుడుచుకుని, బిడ్డ ఊరవతల గుట్టకు తంగేడు తెంపడానికి పోతుంది. మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని గునుగు కట్టలు కట్టి, రంగుల్లో ముంచి ఆరబెడుతుంది. తాంబాళంలో గుమ్మడాకు పరిచి మొదటి వరుస పేరుస్తుంటే తల్లి బయటికొచ్చి చూస్తుంది, కాసేపు గుమ్మంలోనే నిలబడుతుంది. తర్వాత వచ్చి పక్కన కూర్చుని, వంకరపోయిన తంగేడు కొమ్మను సరిచేస్తుంది.